పులికాట్ దారిలో అడవిపూలు: నేలను చూసి మొదలుపెట్టి, పేరుతో ముగించే పద్ధతి

జనవరిలో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వైపు వెళ్తుంటే అడుగడుక్కీ ఒక కారు ఆగి కనిపిస్తుంది. అందరి చూపూ నీళ్లలో నిలబడ్డ రాజహంసల మీదే. కారు దిగిన కాలు మాత్రం ఏ వంగరెడ్డి కూర పువ్వు మీదో పడుతుంది. గోరంత గులాబీరంగు నక్షత్రం అది. దాన్ని చూసినవాళ్లు తక్కువ, చూసినా పేరు అడిగినవాళ్లు ఇంకా తక్కువ.

నేనూ చాలాకాలం పక్షుల కోసమే ఆ దారిలో తిరిగాను. పూల మీదికి చూపు మళ్లాక మొదటి రెండేళ్లూ అన్నీ తప్పులే. ఎందుకంటే రంగు చూసి పేరు వెతికేవాణ్ణి. ఈ తడినేలల్లో రంగును నమ్ముకుంటే ఏమీ తేలదు. వంకాయరంగు పూసేవే పదిపైగా ఉంటాయి. నేల మాత్రం ఎప్పుడూ మోసం చేయలేదు. ఉప్పు బురదలో మొలిచేది మంచినీటి కాలువలో మొలవడం అరుదు, ఇసుకలో పాకేది బురదలో పాకదు. కాబట్టి పువ్వు దగ్గర కాకుండా కాళ్ల కింద మొదలుపెట్టాలి. కింద చెప్పేదంతా ఆ ఒక్క సూత్రానికి విస్తరణే.

ఎప్పుడు, ఏ పూట, ఏ దారిన

పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. బంగాళాఖాతానికీ దానికీ మధ్య శ్రీహరికోట దీవి అడ్డంగా పడుకుని ఉంటుంది. ఈ ప్రాంతానికి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాలది. అందువల్ల డిసెంబరు నడుమ నుంచి ఫిబ్రవరి చివరిదాకా మంచి కాలం. కుంటలు నిండుగా ఉంటాయి, గట్లు పచ్చగా ఉంటాయి. మార్చి దాటితే సరస్సు అంచులు వెనక్కి జరిగి ఉప్పు తేలుతుంది. అప్పుడు ఉప్పునేల మొక్కలు తప్ప మిగతావి ముఖం చాటేస్తాయి. ఉప్పునేల మొక్కల కోసమే వెళ్లేవాళ్లకి ఆ ఎండిన అంచులే ఎక్కువ పనికొస్తాయి.

పూట విషయంలో బేరం లేదు. ఉదయం ఆరున్నరకల్లా మొదటి కుంట దగ్గర ఉండాలి, పదిన్నరకి దాదాపు పని ముగియాలి. ఇసుక మీది తీగపూలు మధ్యాహ్నానికి వాడిపోతాయి. తెల్లకలువలు అంతకన్నా ముందే ముడుచుకుంటాయి. ఒకసారి నేను తీరిగ్గా టిఫిన్ చేసి, పదకొండింటికి బయలుదేరి, ముడుచుకున్న మొగ్గల్ని ఫొటోలు తీసుకుని ఇంటికొచ్చాను.

దారి ఇలా పెట్టుకోండి. నాయుడుపేట వైపు నుంచి వస్తే ముందు దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పక్షుల కేంద్రం, అక్కడ మంచినీటి చెరువులున్నాయి. తర్వాత సూళ్లూరుపేట, అక్కడి నుంచి సరస్సు నడుమ వేసిన శ్రీహరికోట రోడ్డు. ఇది సుమారు 18 కిలోమీటర్లు, రెండు పక్కలా ఉప్పునేల. ఇసుక కావాలంటే మరో రోజు వాకాడు మీదుగా తూపిలిపాలెం తీరానికి వెళ్లండి. మూడు నేలల్నీ ఒకే ఉదయం చుట్టేయాలనుకోవద్దు. ఎక్కడా సరిగా చూడలేరు.

సంచిలో ఏముండాలి

పదిరెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దం, చిన్న నోట్‌బుక్, పెన్సిల్ (తడికి పెన్ను ఇంకు కారుతుంది), పది సెంటీమీటర్ల స్కేలు, టోపీ, నీళ్లు, బురదైనా బాధపడని పాత బూట్లు. భూతద్దం లేకపోతే బైనాక్యులర్లను తలకిందులుగా పట్టుకుని, కంటి వైపు అద్దాన్ని పువ్వుకి బాగా దగ్గరగా తెచ్చి, పెద్ద అద్దంలోంచి చూడండి. పువ్వు పెద్దదిగా కనిపిస్తుంది. పక్షుల వాళ్లలో చాలామందికి తమ మెడలోనే భూతద్దం వేలాడుతోందని తెలియదు.

పూలు కోసి పెట్టుకోవడానికి కవర్లు మాత్రం తేవద్దు. పులికాట్, నేలపట్టు రెండూ అభయారణ్యాలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షులకి మాత్రమే వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. అభయారణ్యంలో మొక్కల్ని పెరికి తీసుకుపోవడానికీ అనుమతి కావాలి. ఏమైనా గుర్తుపట్టడానికి పువ్వు చేతిలో ఉండాల్సిన పని లేదు.

మొదటి అడుగు: నేల ఏ రకం?

కారు దిగగానే పువ్వు వైపు పరుగెత్తకుండా ఒక్క నిమిషం కింద చూడండి. ఎండిన బురద మీద తెల్లటి పొర పేరుకుని ఉందా? చుట్టూ మొక్కల ఆకులు లావుగా, నీరు పట్టినట్టు ఉన్నాయా? అయితే ఉప్పునేల. జమ్ము, గుర్రపుడెక్క, కలువాకులు కనిపిస్తే మంచినీరు. కాలు వేస్తే జారిపోయే ఇసుక, సరుగుడు తోటలు, మొగలి పొదలు ఉంటే తీరపు ఇసుకనేల. నోట్‌బుక్‌లో తేదీ, చోటు రాశాక మూడోది ఇదే రాయండి: ఉప్పు, మంచినీరు, ఇసుక. ఈ ఒక్క మాటతో వెతకాల్సిన పేర్లలో మూడింట రెండొంతులు పక్కకి పోతాయి.

రోడ్డు గట్టు మాత్రం నాలుగో రకం. అది ఎక్కడినుంచో తెచ్చి పోసిన మట్టి. దాని మీద ఏదైనా మొలుస్తుంది, ముఖ్యంగా సర్కారు తుమ్మ. అమెరికా ఖండం నుంచి వచ్చి మన తీరమంతా ఆక్రమించిన చెట్టు ఇది. పసుపు కంకుల్లాంటి దాని పూలను ఒకసారి గుర్తుపడితే చాలు, ఇక ప్రతిచోటా ఆగాల్సిన పని లేదు. గట్టు మీద చూసినదాన్ని నేల మొక్కగా లెక్కవేయకుండా, గట్టు దిగి సహజమైన నేల మొదలయ్యే చోట చూడండి.

రెండో అడుగు: పువ్వుకి ముందు ఆకు

పువ్వు ఒక పూటది, ఆకు ఏడాది పొడుగునా ఉంటుంది. కాండాన్ని చూసి మూడు ప్రశ్నలకి జవాబు రాయండి. కణుపు దగ్గర ఆకులు ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయా, ఎదురెదురుగా జంటగా ఉన్నాయా, చుట్టూ చక్రంలా ఉన్నాయా? బడిలో చదువుకున్న ఏకాంతరం, అభిముఖం, చక్రీయం ఇవే. ఆకు ఒక్కటేనా, చిన్న పత్రకాలుగా విడిపోయిందా? అంచు నున్నగా ఉందా, పళ్లున్నాయా, ముళ్లున్నాయా?

ఆకును తిప్పి వెనకవైపు కూడా చూడండి. నూగుందా, నరాలు ఉబ్బి ఉన్నాయా అన్నది కలువల్లో ఒకదాన్నుంచి ఒకదాన్ని విడదీస్తుంది.

మూడో అడుగు: పువ్వును లెక్కపెట్టడం

ఆకర్షక పత్రాలు ఎన్ని? విడివిడిగా ఉన్నాయా, కలిసిపోయి గరాటులా ఉన్నాయా? పువ్వును నడిమికి ఎటు కోసినా సమానంగా వస్తుందా, లేక చిక్కుడుపువ్వులా ఒక్క గీత మీదే సమానంగా వస్తుందా? పువ్వు వెనకవైపు ఏ రంగు? ఈ చివరి ప్రశ్నని ఎవరూ వేసుకోరు గానీ, ఉప్పునేలలో అదే ముడి విప్పుతుంది. ఎలాగో కింద ఉప్పునేల దగ్గర చెబుతాను.

నాలుగో అడుగు: కాయ

పువ్వు దొరికిన మొక్క మీదే, లేకపోతే పక్క మొక్క మీద, పాత కాయ కోసం వెతకండి. పల్లేరునీ ఏనుగుపల్లేరునీ, జీలుగునీ జీలుగనీ చివరికి తేల్చేది కాయే. నా లెక్కలో కాయ దొరికిన మొక్క సగం గుర్తుపట్టినట్టే.

ఈ నాలుగడుగులూ అయ్యాకే పేరు. ఇప్పుడు నేలవారీగా చూద్దాం.

మంచినీటి కుంటల్లో

కలువ, తామర తేడా తెలియనిదెవరికి అంటారు గానీ, పూలు లేనప్పుడు నూటికి యాభైమంది తడబడతారు. తామరాకు గుండ్రంగా గొడుగులా ఉంటుంది, కాడ దాని నడిమిన అతుకుతుంది. ముదిరిన ఆకులు నీటిపైకి లేచి నిలబడతాయి. కలువాకు నీటి మీద తేలుతుంది, అంచు నుంచి కాడ దాకా ఒక చీలిక ఉంటుంది. చీలిక కనిపిస్తే కలువ, లేకపోతే తామర.

కలువల్లో మళ్లీ రెండు. లేత నీలంగా పూసేది నల్లకలువ. ఇది పగలు విచ్చుకుంటుంది, ఆకు వెనక నున్నగా ఉంటుంది. రెండోది తెల్లగా, ఒక్కోచోట ఎర్రటి ఛాయతో పూసేది. దాని ఆకు అంచున రంపపు పళ్లుంటాయి, వెనకవైపు మెత్తటి నూగు ఉంటుంది. ఇది రాత్రి విచ్చుకుని పొద్దెక్కేసరికి ముడుచుకుంటుంది. చంద్రుణ్ణి చూసి కలువ నవ్వుతుందన్న మన కవుల మాట ఈ రెండోదాని విషయంలో అక్షరాలా నిజం. నల్లకలువ విషయంలో మాత్రం చెల్లదు.

గుర్రపుడెక్కను తిట్టనివాళ్లు లేరు. చెరువుల్ని మింగేస్తుంది, తిట్టాల్సిందే. అయినా ఒక్కసారి పువ్వును దగ్గరగా చూడండి. ఆరు లేత వంకాయరంగు రేకుల్లో పైదాని మీద మాత్రం ముదురు నీలం మచ్చ, దాని నడుమ పసుపు చుక్క ఉంటాయి. అచ్చం నెమలిపింఛం కన్ను. కాడ మొదట్లో గాలి నిండిన ఉబ్బు ఉంటుంది, మొక్కను తేల్చేది అదే. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా.

కుంట అంచున ముళ్లతో నిలబడి, కణుపుకణుపుకీ నీలి వంకాయరంగు పూల గుత్తి పెట్టుకున్నది నీటిగొబ్బి. కణుపు చుట్టూ ఆకులు చక్రంలా ఉంటాయి, వాటి మధ్య నుంచి పొడవాటి పసుపుపచ్చ ముళ్లు బయటికి పొడుచుకొస్తాయి. దీని దాయాది ఉప్పునీటిలో ఉంది. మడ అడవుల అంచున పెరిగే ఆల్చి కూడా అదే కుటుంబం, పువ్వు రంగు కూడా దాదాపు అదే. కానీ ఆల్చిలో ఆకు అంచు మీద కూడా ముళ్లుంటాయి. పువ్వుకి పై పెదవి లేనట్టే ఉంటుంది, వెడల్పాటి కింది పెదవి ఒక్కటే నాలుకలా చాపి ఉంటుంది. ఆకు అంచున ముల్లుందో లేదో చూస్తే పువ్వు లేకపోయినా రెండింటినీ విడదీయొచ్చు.

ఇక జీలుగు. ఇక్కడ పేర్ల గొడవ మొదలవుతుంది. నీటి అంచున, మెత్తటి బెండు కాండంతో, చింతాకులాంటి సన్నటి పత్రకాలతో, పసుపు చిక్కుడుపువ్వు పూసేది జీలుగు. బొమ్మలకీ అలంకరణలకీ వాడే జీలుగుబెండు దీనిదే. పొలంలో పచ్చిరొట్ట కోసం చల్లే జీలుగ వేరే మొక్క. దాని పువ్వూ పసుపే, ఆకూ దాదాపు అదే. మన్యంలో కల్లు తీసే జీలుగు ఏకంగా ఒక తాటిజాతి చెట్టు! మొదటి రెండింటినీ కాయతో తేల్చండి. బెండు జీలుగు కాయ గింజగింజకీ నొక్కుకుపోయి, ఎండాక ముక్కలుగా విరిగిపోతుంది. పచ్చిరొట్ట జీలుగ కాయ సన్నటి తీగలా పొడుగ్గా, వరసగా ఉంటుంది.

పేర్లలో ఇలాంటిదే మరొకటి బ్రాహ్మి. నీటి అంచున లావాటి చిన్న ఆకులతో పాకుతూ, తెలుపులో లేత వంకాయఛాయ కలిసిన అయిదు రేకుల పువ్వు పూసేది నీటిబ్రాహ్మి. సరస్వతి ఆకు అని మనం పిలిచేది వేరు, గుండ్రటి ఆకున్నది. దాన్నీ కొందరు బ్రాహ్మి అనే అంటారు. నీటిబ్రాహ్మి పక్కనే అదే తడిలో బొక్కెనాకు కూడా పాకుతుంటుంది. దానిది ఒంటరి పువ్వు కాదు. పొడవాటి కాడ చివర అగ్గిపుల్ల తలంత గుండు, దాని చుట్టూ ఉంగరంలా పొడి పూలు. ఆకు కొనవైపు మాత్రమే పళ్లుంటాయి. సీతాకోకచిలుకలు దేని మీద ఎక్కువ వాలితే అది బొక్కెనాకే అని నా అనుభవం. దీన్ని శాస్త్రంగా తీసుకోవద్దు.

నీటి మధ్యలో ఆకే కనపడకుండా, సన్నటి కాడ మీద చిన్న పసుపు పూలు నిలబడి ఉంటే ఆగండి. అది యుట్రిక్యులేరియా కావచ్చు. పైన ఇంత అమాయకంగా కనిపించే ఈ మొక్కకి నీటి కింద దారాల్లాంటి కొమ్మలకి చిన్నచిన్న తిత్తులుంటాయి. నీటిపురుగు తగిలితే తిత్తి మూత తెరుచుకుని నీటితో సహా లోపలికి లాగేసుకుంటుంది. ఆ తిత్తులే దీని ఆనవాలు, కొమ్మ చేతికందేంత దగ్గరగా ఉంటే భూతద్దంతో తెలుస్తాయి.

నేలపట్టులో చెరువు నిండా నిలబడ్డ చెట్లు నీరుకడప, శాస్త్రనామం బారింగ్‌టోనియా ఆక్యూటాంగ్యులా. గూడబాతులు గూళ్లు పెట్టేది వీటి మీదే. చలికాలంలో వెళ్తే మీకు గూళ్లే ఎక్కువ కనిపిస్తాయి. పూలకి ఎండలు ముదరాలి. అప్పుడు కొమ్మల నుంచి జానెడు మూరెడు ఎర్రటి గొలుసులు వేలాడతాయి. ఒక్కో పువ్వులో రేకుల కన్నా కేసరాలే కంటికి ఆనతాయి, ఎర్ర దారాల కుచ్చులా ఉంటాయి. రాత్రి విచ్చుకుని తెల్లవారేసరికి రాలిపోతాయి కనుక పొద్దున్నే నీటి మీద ఎర్ర తివాచీ పరిచి ఉంటుంది. ఆక్యూటాంగ్యులా అంటే పదునైన కోణాలున్నది అని, ఆ మాట నాలుగు పలకల కాయను చూసి పెట్టింది. గుడుల దగ్గర కనిపించే నాగమల్లి చెట్టుది కూడా ఇదే కుటుంబం.

శ్రీహరికోట రోడ్డు మీద, ఉప్పులో

ఇక్కడ పూలు చిన్నవి, ఓపిక పెద్దది కావాలి. దూరం నుంచి బురద మీద ఎర్రగా, మంకెనలు పరిచినట్టు కనిపిస్తే పూలని పొరబడొద్దు. అది ఇలకూర ఆకు. ఉప్పు ఎక్కువై, నేల ఎండే కొద్దీ దాని లావాటి సన్నని ఆకులు ఎర్రబడతాయి. దాని అసలు పూలు ఆకు మొదట్లో ఆకుపచ్చగా, భూతద్దంతో గానీ తెలియనంత చిన్నవి.

దాని పక్కనే నేలను పట్టుకుని పాకేది వంగరెడ్డి కూర. ఆకులు ఎదురెదురుగా, లావుగా, మెరుస్తూ ఉంటాయి. ఆకు మొదట్లో ఒక్కొక్కటిగా గులాబీరంగు నక్షత్రం పూస్తుంది. ఇప్పుడు పువ్వు వెనకవైపు చూడండి: ఆకుపచ్చ! ఎందుకంటే దీనికి ఆకర్షక పత్రాలు లేవు. మనం రేకులనుకునేవి రక్షక పత్రాలు, లోపలివైపు మాత్రం రంగు పూసుకున్నాయి. ఇలకూర ఆకులు ఏకాంతరం, వంగరెడ్డివి అభిముఖం. పువ్వు లేని నెలలో ఈ తేడా ఒక్కటే చాలు. పాయలకూరతో కూడా దీన్ని కలిపేస్తుంటారు. పాయలకూర పువ్వు పసుపు, అది ఉప్పు బురదలోకి దిగదు.

బూడిదరంగు కలిసిన నున్నటి లావాటి ఆకులతో, తేలు తోకలా చుట్టుకున్న కంకి మీద రెండు వరసల తెల్లపూలు పెట్టుకున్నది ఉప్పునేల హీలియోట్రోపియం. మన పెరళ్లలో పెరిగే తేలుమణికి ఇది చెల్లెలు. తేలుమణి ఆకు గరుగ్గా, ముడతలతో, నూగుతో ఉంటుంది, పువ్వు లేత ఊదా. ఉప్పునేల దానికి నూగే ఉండదు.

జిల్లేడు గట్టు పొడుగునా ఉంటుంది, చెప్పాల్సిన పని లేదు. ఒక్క మాట: తెల్లజిల్లేడు వేరే జాతి అనుకుంటారు గానీ, సాధారణంగా అది ఊదా జిల్లేడుకే రంగు తేడా. పువ్వు నడుమ నిలబడ్డ అయిదు మూలల కిరీటం రెండింటికీ ఒకటే. దాని పాలు కంట్లో పడకుండా జాగ్రత్త, ఆకు తుంపి ఆ చేత్తో కన్ను నులుముకోవడం మనకి అలవాటు.

ఇసుక మీద, తూపిలిపాలెం వైపు

అలలకి కాస్త ఎగువన, ఇసుకను వలలా కప్పేసి, వంకాయ గులాబీరంగు గరాటు పూలు పూసే తీగ బాలబందితీగ. దీనికే చెవులపిల్లి తీగ అనీ పేరుంది. ఆకు కొన నడుమ చీలి రెండు చెవుల్లా ఉంటుంది మరి. శాస్త్రనామం ఐపోమియా పెస్-కాప్రే. పెస్-కాప్రే అంటే లాటిన్‌లో మేక కాలు. అదే ఆకులో వాళ్లకి డెక్క కనిపించింది, మనవాళ్లకి కుందేలు చెవులు కనిపించాయి.

గరాటు పువ్వును చూడగానే తూటి అనేయడం మనకి మరో అలవాటు. ఈ దారిలో అక్కాచెల్లెళ్లు ముగ్గురున్నారు, ముగ్గురిదీ ఒకే పువ్వు ఆకారం. ఇసుక మీద పాకుతూ ఆకు కొన చీలి ఉంటే బాలబందితీగ. మంచినీటి మీద తేలుతూ, బోలు కాండంతో, బాణం మొనలాంటి ఆకుతో ఉంటే కూరగా వండుకునే తూటికూర. కాలువగట్టున పొదలా నిలబడి, కర్రలాంటి కాండంతో, పొడవాటి హృదయాకారపు ఆకుతో ఉంటే లొట్టపీసు. అమెరికా నుంచి వచ్చిన ఈ లొట్టపీసు పశువులకి విషం. కూర అనుకుని పొరబడటానికి వీల్లేని మొక్క, కానీ పువ్వు ఒక్కటే ఫొటో తీసి ఆకును వదిలేస్తే ఎంత తెలిసినవాళ్లయినా పొరబడతారు.

బాలబందితీగతో పెనవేసుకుని అదే రంగులో ఇంకో తీగ ఉంటుంది, చమ్మకాయ జాతికి చెందిన కనవాలియా రోజియా. మొదట్లో ఏడాదిపాటు నేను ఈ రెండింటినీ ఒకటే అనుకున్నాను. దగ్గరగా వంగితే తేలిపోతుంది: దీనిది గరాటు కాదు, చిక్కుడుపువ్వు, అదీ తలకిందులుగా. ఆకు మూడు పత్రకాలుగా విడిపోయి ఉంటుంది. కాయ చమ్మకాయలా దళసరిగా ఉంటుంది.

పల్లేరు, ఏనుగుపల్లేరు రెండూ పసుపు పూలే, రెండింటి కాయలూ కాలికి గుచ్చుకునేవే. పల్లేరుకి అయిదు విడి రేకులు, చిన్నచిన్న పత్రకాల ఆకు ఉంటాయి. ఏనుగుపల్లేరు పువ్వు గొట్టంలా ఉంటుంది, ఆకు విడిపోకుండా దళసరిగా ఉంటుంది, కాయకి నాలుగు మూలలా నాలుగు ముళ్లు. ఏనుగుపల్లేరు ఆకులు నీటిలో తిప్పితే నీరు జిగురెక్కుతుందన్నది పల్లెల్లో పిల్లలకి పాత ఆట. ఇది రెండో సాక్ష్యం. అభయారణ్యం బయటే ప్రయత్నించండి.

రావణాసురుడి మీసాలు పువ్వుగా లెక్కలోకి రావు గానీ వదిలేయలేం. ఇసుకదిబ్బ మీద గుచ్చుకునే గడ్డి అది. మగమొక్క వేరు, ఆడమొక్క వేరు. ఆడమొక్కల ముళ్లబంతులు ఎండి విడిపోయి గాలికి తీరం పొడుగునా దొర్లుకుంటూ పోతాయి, విత్తనాలు పంచుకుంటూ. మొగలిలో కూడా మగ, ఆడ చెట్లు వేరు. మనం మురిసిపోయే వాసన మగపూల రేకులది. అనాసలాంటి కాయ కాసింది ఆడచెట్టు.

బిళ్లగన్నేరు ఇసుకలో తనంత తాను మొలిచి కనిపిస్తే పాతకాలం నుంచి ఇక్కడిదే అనిపిస్తుంది. దాని సొంత ఊరు మడగాస్కర్. వానాకాలం చివర పొదల మీదికి ఎగబాకి, ఆకు కొనతోనే కొమ్మలు పట్టుకుని, కింద పసుపు పైన ఎరుపు మంటల్లా రేకుల్ని వెనక్కి విరుచుకుని పూసేది అడవినాభి. పేరులోనే హెచ్చరిక ఉంది. దుంప నుంచి గింజ దాకా అంతా విషం. చూడండి, ముట్టుకోవద్దు, పిల్లల్ని ముట్టుకోనివ్వద్దు.

కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవికి వెళ్లేవాళ్లకి మరో రెండు మాటలు. బురదలోంచి పెన్సిళ్లు నాటినట్టు పైకి లేచిన వేళ్లు కనిపిస్తే మడచెట్టు దగ్గరలోనే ఉంటుంది. పువ్వు చిన్నది, పసుపు నారింజ కలిసిన నాలుగు రేకులు. తెల్లటి గుత్తులు పూసి, మేకకొమ్ములా వంగిన కాయ కాసేది గుగ్గిలం. తిల్ల చెట్టు కొమ్మ మాత్రం విరవొద్దు. దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు.

ఫొటో, ఆప్

ఒక మొక్కకి అయిదు ఫొటోలు: మొక్క మొత్తం నేలతో సహా, ఆకు పైవైపు, ఆకు వెనకవైపు, పువ్వు ఎదురుగా, పువ్వు పక్క నుంచి. కాయ దొరికితే ఆరోది. ఒకదాంట్లో స్కేలు కనపడాలి. అందరూ పువ్వు ఎదురుగా తీసిన ఒక్కటే పెట్టి పేరు అడుగుతారు. చెప్పేవాళ్ల దగ్గర దానికి జవాబుండదు.

గూగుల్ లెన్స్ తొందరగా చెబుతుంది, కానీ తోటమొక్కల వైపు మొగ్గు చూపుతుందని నాకు అనిపిస్తుంది. ప్లాంట్‌నెట్ ఆకు ఫొటోనీ విడిగా తీసుకుంటుంది కనుక మెరుగు. ఐనాచురలిస్ట్‌లో పెడితే మనుషులు చూసి సరిదిద్దుతారు. ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో మన దేశపు మొక్కల ఫొటోలు బోలెడు ఉన్నాయి. ఆప్ ఏ పేరు చెప్పినా మీ నోట్‌బుక్‌లోని నాలుగు జవాబులతో పోల్చండి. ఉప్పు బురదలో తీసిన మొక్కకి కొండమొక్క పేరు చెబితే ఆప్ తప్పు, మీ నేల కాదు.

కొన్ని జాగ్రత్తలు

జాతీయ రహదారి అంచున కారు ఆపొద్దు, పక్క దారిలోకి దిగి నడిచి రండి. సరస్సు రోడ్డు మీద కూడా పూర్తిగా పక్కకి తీశాకే దిగండి. రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో ఈ దారిలో రద్దీ, ఆంక్షలు ఉంటాయి, ముందే చూసుకోండి. అంతరిక్ష కేంద్రం గేటు దాటి అనుమతి లేకుండా పోనివ్వరు.

ఎండిన బురదను నమ్మొద్దు. పైపొర పగుళ్లు తీసి గట్టిగా కనిపించినా కింద మెత్తగా ఉంటుంది, మోకాలిదాకా దిగబడొచ్చు. ముందు కర్రతో పొడిచి చూడండి. పక్షులు తలలెత్తి అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాయంటే మీరు మరీ దగ్గరికొచ్చేశారని అర్థం, వెనక్కి రండి. పొదల్లో చెయ్యి పెట్టేముందు కర్రతో కదిలించండి, పాములు పూలకోసం కాకపోయినా నీడకోసం ఉంటాయి.

పేరు దొరకనిది మిగిలితే

మిగులుతుంది. అయిదారు ఎప్పుడూ మిగులుతాయి. వాటికి సొంత పేరు పెట్టుకుని నోట్‌బుక్‌లో ఉంచండి: "నాలుగో కల్వర్టు పక్కన పసుపు, పాకేది, ఆకు తుంపితే పాలు" అన్నట్టు. నా దగ్గర సరిగ్గా ఆ పేరుతో ఒకటి మూడు శీతాకాలాలు ఉంది. మూడో ఏడు ఎండిన తల మీద తెల్లటి దూదికుచ్చులాంటి గింజలు కనిపించాక తెలిసింది, చామంతి కుటుంబపు లానియా అని. అదే కల్వర్టు దగ్గర ఈ ఏడు ఇంకో తెల్లది రాసుకున్నాను, ఇంకా కాయ దొరకలేదు.